మిత్రుల ఇళ్ళ మీదుగా కొలంబో నుంచి అడ్డిస్ అబాబా దాకా: ఉద్యోగ విరమణ చేయబోతున్న దంపతులకు సమాధానం

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందుగా చెప్పుకుంటాను. మీరు విజయవాడలో ఉంటున్నారు, వచ్చే ఏడాది ఉద్యోగ విరమణ చేయబోతున్నారు. ఉద్యోగంలో ఉండగా పరిచయమై కుటుంబ స్నేహితులైనవారు కొలంబోలో, మలేసియాలోని ఈపోలో, నైరోబీలో, అడ్డిస్ అబాబాలో, మారిషస్‌లో ఉన్నారు. అందరూ ఏళ్ళ తరబడి రమ్మని పిలుస్తున్నారు. మీ దంపతులిద్దరూ శాకాహారులు. ఒక ట్రావెల్స్ వారు ఈ అయిదు దేశాలనూ ఒకే విడతలో చుట్టి వచ్చేలా పథకం వేసి ఇచ్చారు. ఆ పథకం మంచిదేనా, మిత్రుల ఇళ్ళలో దిగవచ్చునా, ఏమి పట్టుకెళ్ళాలి, అక్కడ మీ తరఫున ఒక విందు ఇవ్వాలంటే ఎలా అని అడిగారు. మావారు ఇథియోపియాలో విశ్వవిద్యాలయ అధ్యాపకులుగా పనిచేసిన కాలంలోనూ, గుంటూరు తిరిగి వచ్చి స్థిరపడ్డాక పాత మిత్రుల కోసం ఇద్దరం చేసిన ప్రయాణాల్లోనూ తెలుసుకున్న సంగతులను బట్టి ఈ సమాధానం రాస్తున్నాను.

ఆ పథకాన్ని పక్కన పెట్టమనే నా సలహా. దానిలోని విమానాలు, హోటళ్ళు తప్పు కావు. అది చూడవలసిన స్థలాలను ముందు పేర్చుకుని, మిగిలిన సాయంత్రాల్లో మిత్రులను ఇరికించింది. మీరు వెళ్తున్నది మనుషుల కోసమైనప్పుడు తేదీలను నిర్ణయించవలసినది మీ మిత్రుల ఇంటి పంచాంగం: వారి పండుగలు, పిల్లల సెలవులు, ఉపవాసాలు, వారికి తీరిక ఉండే నెలలు. విమానం టిక్కెట్టు ఆ తరువాతి మాట. స్థలాలు ఏ నెలలో వెళ్ళినా ఉంటాయి. ఉద్యోగం చేసుకునే మిత్రుడు పని రోజుల్లో సాయంత్రం ఆరింటికి అలసిపోయి ఇంటికి చేరి మీకు మర్యాద చేయడం వేరు, సెలవు రోజున నలుగురినీ పిలిచి మీతో కూర్చోవడం వేరు.

అందువల్ల ప్రయాణాన్ని రెండు విడతలుగా విడదీయండి. కొలంబో, ఈపో ఒక విడత; నైరోబీ, అడ్డిస్ అబాబా, మారిషస్ మరొక విడత. మధ్యలో ఇంటికి వచ్చి కొన్ని నెలలు ఊపిరి తీసుకోండి. అరవై ఏళ్ళ వయసులో అయిదు దేశాల వంటలు, అయిదు రకాల పరుపులు ఒక్కసారిగా మీదపడితే చివరి మిత్రుడి ఇంటికి చేరేసరికి మాట్లాడే ఓపిక ఉండదు; అతడు మాత్రం మీకోసం మొదటి మిత్రుడంత ఉత్సాహంగానే ఎదురుచూస్తూ ఉంటాడు.

కొలంబో విషయంలో ఏప్రిల్ 13, 14 తేదీలను గమనించండి. అవి సింహళ, తమిళ సంవత్సరాది రోజులు. నగరంలో ఉండేవారు చాలామంది సొంత ఊళ్ళకు వెళ్ళిపోతారు, దుకాణాలు మూసివేస్తారు. మీ మిత్రులు తమ ఊరికి రమ్మంటే అంతకంటే మంచి సమయం లేదు. కొలంబోలోనే కలుద్దామంటే మాత్రం ఆ వారం వద్దు. ఊరికి వెళ్ళినట్లయితే కొబ్బరిపాలతో వండిన కిరిబత్ అనే అన్నం పెడతారు, చిన్నవారు పెద్దలకు తమలపాకుల కట్ట ఇచ్చి నమస్కరిస్తారు. తాంబూలం అలవాటున్న మనకు ఆ మర్యాద నేర్పనక్కరలేదు. పౌర్ణమి రోజును అక్కడ పోయ అంటారు, అది ప్రతి నెలా సెలవు దినం. ఆ రోజు మద్యం అమ్మరు. బౌద్ధాలయంలో బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగడం వారికి తీవ్రమైన అపచారం. మీరు తెలియక చేసినా, పక్కన నిలబడిన మీ మిత్రుడు తలవంచుకోవలసి వస్తుంది.

మలేసియాలో పండుగ నాడు ఇంటి తలుపులు తెరిచి ఉంచి అందరినీ భోజనానికి ఆహ్వానించే ఆచారం ఉంది. ఓపెన్ హౌస్ అంటారు. మలయ్ ముస్లింలు రంజాన్ పండుగకు, చైనీయులు తమ సంవత్సరాదికి, మనవారు దీపావళికి ఇలా చేస్తారు. మీ మిత్రులు ఏ పండుగ జరుపుకుంటారో ఆ సమయానికి వెళ్తే ఒక్క పూటలో వారి బంధువర్గమంతా పరిచయమవుతుంది. అయితే అది మన పెళ్ళి భోజనం వంటిది కాదు, ఉదయం వెళ్ళి సాయంత్రం దాకా కూర్చోరు. వెళ్తారు, తింటారు, కొంతసేపు మాట్లాడి తరువాత వచ్చేవారికి చోటిస్తారు. ముస్లిం ఇంటికి వెళ్ళేటప్పుడు మిఠాయి తీసుకెళ్తే అందులో జంతువుల నుంచి తీసే జెలటిన్ లేకుండా చూసుకోండి. మహిళలకు మగవారు తామై చేయి చాపకూడదు. గుండె మీద చేయి ఉంచి తల వంచితే చాలు.

ఇథియోపియా విషయం కొంచెం విస్తరించి రాయాలి, ఎందుకంటే అక్కడ పంచాంగమే కాదు, గడియారమూ వేరు. వారి సంవత్సరం మన వాడుకలోని సంవత్సరం కంటే ఏడెనిమిదేళ్ళు వెనుక నడుస్తుంది, పదమూడు నెలలు ఉంటాయి, సంవత్సరాది సెప్టెంబరు 11న, కొన్ని ఏళ్ళలో 12న వస్తుంది. రోజును వారు అర్ధరాత్రి నుంచి కాక తెల్లవారుజాము నుంచి లెక్కిస్తారు. ఉదయం ఏడు గంటలంటే వారికి ఒంటిగంట. మీ మిత్రుడు ఆంగ్లంలో మాట్లాడుతూ మూడింటికి రమ్మన్నాడంటే అది మన మూడు గంటలా, ఉదయం తొమ్మిదా అని తప్పక అడగండి. విమానాశ్రయంలో, హోటళ్ళలో మన లెక్కే నడుస్తుంది. ఇంటి పిలుపుల్లోనే ఈ తికమక వస్తుంది. కెన్యాలో స్వాహిలీలో సమయం చెప్పినప్పుడు కూడా ఇదే లెక్క. సూర్యోదయం నుంచి ఘడియలు లెక్కపెట్టిన మన పాత పద్ధతి తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

శాకాహారులుగా మీరు అన్నిటికంటే ఎక్కువ భయపడుతున్నది ఇథియోపియా గురించి. అసలు నిశ్చింతగా ఉండవలసినది అక్కడే. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఈస్టరుకు ముందు 55 రోజుల పెద్ద ఉపవాసం ఉంటుంది. వారి క్రిస్మస్ జనవరి 7న కనుక దానికి ముందు కూడా దీర్ఘమైన ఉపవాసం ఉంటుంది. ఆ రోజుల్లో ఏ చిన్న భోజనశాలకు వెళ్ళినా ఉపవాసపు వంట దొరుకుతుంది: శనగపిండితో చేసే షిరో, ఎర్ర కందిపప్పుతో కారంగా వండే మిసిర్ వొట్, ఆకుకూరలు, క్యాబేజీ, బంగాళాదుంప. కొందరు ఉపవాసంలో చేపను తింటారు కనుక ఆ ఒక్క మాట అడిగి తెలుసుకోవాలి. ఈస్టరు తరువాత యాభై రోజులు మాత్రం బుధ, శుక్రవారాల నియమం పాటించరు. ఆ రోజుల్లో వెళ్తే ఎక్కడ చూసినా మాంసమే కనిపిస్తుంది. కాబట్టి అడ్డిస్ అబాబాకు తేదీ పెట్టుకునేటప్పుడు వారి ఉపవాస కాలాన్నే ఎంచుకోండి. అతిథికి మాంసం పెట్టలేకపోయామన్న బాధ వారికి ఉండదు, వద్దని చెప్పవలసిన ఇబ్బంది మీకు ఉండదు.

భోజనం పెద్ద పళ్ళెంలో వస్తుంది. తెఫ్ అనే ధాన్యపు పిండిని పులియబెట్టి పోసిన ఇంజెర అడుగున పరిచి ఉంటుంది; మన పుల్లట్టు ఎంత పులుపో అంత పులుపు. దాని మీద కూరలు కుప్పలుగా వడ్డిస్తారు. కూర్చున్నవారంతా ఆ ఒక్క పళ్ళెంలోంచే, కుడిచేత్తో, తమకు ఎదురుగా ఉన్న భాగం నుంచి తింటారు. ఎంగిలి పట్టింపు బలంగా ఉన్న ఇళ్ళలో పెరిగినవారికి మొదట చెయ్యి సాగదు. ఇది మీ ఇద్దరూ బయలుదేరే ముందే మాట్లాడుకోవలసిన విషయం. పైగా ఇంటి యజమాని ఒక ముద్ద చుట్టి స్వయంగా మీ నోటికి అందిస్తాడు. దానిని గుర్షా అంటారు. ముద్ద ఎంత పెద్దదైతే అంత ప్రేమ. వద్దనకూడదు, నోరు తెరవాలి. వేరే పళ్ళెం అడిగితే ఇస్తారు, ఏమీ అనరు. కానీ ఆ సాయంత్రమంతా మీరు అతిథులుగానే మిగిలిపోతారు.

భోజనం అయ్యాక కాఫీ. నేల మీద పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణి వేసి, పచ్చి కాఫీ గింజలను మీ ఎదుటే వేయించి, దంచి, మట్టి కూజాలో కాచి చిన్న చిన్న కప్పుల్లో పోస్తారు. అబోల్, తోనా, బరకా అని మూడు విడతలు. వేయించిన బార్లీ గింజలో, పేలాలో నంజుకోవడానికి ఇస్తారు. మూడవ విడత దీవెన వంటిది కనుక దానికి ముందే లేచిపోవడం బాగుండదు. గంట, గంటన్నర పడుతుంది. కాఫీ సాయంత్రం తాగితే నిద్రపట్టదనుకునేవారు మధ్యాహ్నపు పిలుపునే ఒప్పుకోండి. నా దృష్టిలో ఈ మొత్తం ప్రయాణంలో దేనిని వదులుకున్నా దీనిని వదులుకోరాదు. స్నేహితుల మాటలు సాగేది ఈ గంటలోనే.

తక్కిన దేశాల్లో శాకాహారానికి వేర్వేరు చిక్కులున్నాయి. శ్రీలంకలో కొబ్బరి సంబల్‌లోనూ, కూరగాయల్లోనూ ఎండబెట్టిన మాల్దీవుల చేపను పొడిచేసి కలుపుతారు. వారి దృష్టిలో అది కేవలం రుచి కోసం వేసే దినుసు కనుక శాకాహారమని చెప్పినా వేసేస్తారు. మలేసియాలో రొయ్యల ముద్ద అలాగే దాగి ఉంటుంది. మాంసం తినము అంటే సరిపోదు, చేప, రొయ్య, వాటి పొడి కూడా వద్దని విడమరిచి చెప్పాలి. ఈపోలో చైనా బౌద్ధుల శాకాహార భోజనశాలలు, మనవారి అరటాకు భోజనాలు దొరుకుతాయి. నైరోబీలో గుజరాతీలు ఎప్పటినుంచో స్థిరపడి ఉండడం వల్ల శాకాహారానికి కొదవలేదు. ఇంటి భోజనంలో కూడా మొక్కజొన్న పిండితో చేసే ఉగాలి, సుకుమ వికీ అనే ఆకుకూర, చపాతీ, బీన్స్ మామూలే.

ఇక ఇళ్ళలో దిగే విషయం. మొదటి రెండు మూడు రాత్రులు మిత్రుల ఇంట్లో ఉండి, ఆ తరువాత దగ్గరలోని హోటలుకో, అద్దె గదికో మారిపోవడం అన్నివిధాలా మంచిదని నేను నమ్ముతాను. మొదటి రోజు నుంచే హోటలంటే వారు నొచ్చుకుంటారు, చివరి దాకా ఇంట్లోనే అంటే వారి ఇంటి క్రమం చెదిరిపోతుంది. ఈ సంగతి అక్కడికి వెళ్ళాక కాక, టిక్కెట్టు కొనక ముందే ఉత్తరంలో తెలియజేయండి. నైరోబీ, అడ్డిస్ అబాబాల్లో కొన్ని ప్రాంతాల్లో నీటి సరఫరా వంతులవారీగా ఉంటుంది, ఇంట్లో ట్యాంకులో పట్టి వాడుకుంటారు. మన పద్ధతిలో బకెట్ల కొద్దీ నీళ్ళు పోసుకుంటే ఇంటివారు నోరు విప్పి చెప్పలేరు.

మరొక సంగతి మీ శ్రీమతి గారి పక్షాన చెప్పవలసి ఉంది. మన దంపతులు విదేశంలో స్నేహితుల ఇంటికి వెళ్ళినప్పుడు జరిగే తంతు ఒకటుంది. మగవారు వరండాలో కూర్చుని పాత ఆఫీసు కబుర్లు చెప్పుకుంటారు. ఆమె మాత్రం పులిహోర వండుతావా, సాంబారు చేస్తావా అన్న కోరికలు తీరుస్తూ తెలియని పొయ్యి ముందు, తెలియని గిన్నెలతో రోజంతా నిలబడుతుంది. విహారయాత్ర ఆయనది, వంటశాల ఆమెది. మీ విందు కోసం ఒక్క పూట చాలు. ఆ పూట కూడా ఇద్దరూ కలిసి చేయండి. మగవాడు కూరగాయలు తరగడం, వడ్డించడం ఆ ఇంటి పిల్లలకు ఆసక్తిగా ఉంటుంది. మిగిలిన రోజుల్లో ఆమెకు తనదైన ఒక పరిచయం ఏర్పడేలా చూడండి. మిత్రుని భార్యతో కలిసి అంగడికి వెళ్ళడం, అడ్డిస్ అబాబాలోనైతే నేత చీరల వంటి తెల్లని షమ్మాలు చూడడం, నైరోబీలోనైతే సీసల్ అనే మొక్క నారతో గంపలు నేసే స్త్రీల దగ్గర కూర్చోవడం వంటివి.

ఆ విందు ఎలా ఉండాలంటే, చిన్నదిగా ఉండాలి. పది పన్నెండు మంది మించకుండా పిలవండి. అన్నం, పప్పు, ఒక వేపుడు, పులిహోర, పెరుగు, ఒక తీపి చాలు. గోంగూర పచ్చడి, ఆవకాయ కొంచెం కొంచెంగా పక్కన పెట్టి ముందే హెచ్చరించండి. ఇథియోపియా వారు బెర్బెరె కారానికి అలవాటు పడ్డవారు కనుక గుంటూరు సన్నం మిరపకాయకు జంకరు. కెన్యాలో ఇంటి వంట చాలావరకు చప్పగా ఉంటుంది, అక్కడ మన కారం సగానికి సగం తగ్గించాలి. బియ్యం, కందిపప్పు, నూనె అక్కడే కొనండి. మీతో తీసుకెళ్ళవలసినవి చింతపండు, ఇంగువ, కరివేపాకు పొడి, ఎండుమిరప, పచ్చళ్ళు మాత్రమే. విందు ఎవరి ఇంట్లో జరిగితే వారి వంటింటిని మీరు దిగేటప్పుడు ఎలా ఉందో అలా శుభ్రం చేసి అప్పగించాలి. పనిమనిషి ఉన్నా సరే, ఆమెకు ఆ పూట అదనంగా ఇచ్చి మరీ.

సామాను సర్దేటప్పుడు కొన్ని నిషేధాలు గుర్తుంచుకోండి. గసగసాలు సింగపూర్‌లోనూ, యు.ఏ.ఇ.లోనూ మాదకద్రవ్యంగా పరిగణిస్తారు. మీరు ఆ దేశాల మీదుగా విమానం మారుతున్నా మసాలా పొడిలో కూడా అవి ఉండకూడదు. కోడీన్, ట్రమడాల్ ఉన్న మాత్రలకు గల్ఫ్ దేశాల్లో ముందస్తు అనుమతి కావాలి. మోకాళ్ళ నొప్పులకు వాడేవారు మందు పేరు చూసుకోవాలి. ఎండుకొబ్బరి, అందులోని నూనె శాతం వల్ల, మంటలంటుకునే వస్తువు కనుక దానిని విమానంలోకి అనుమతించరు. పచ్చళ్ళు చేతిసంచిలో కాక, గట్టిగా మూసి పెద్ద పెట్టెలో పెట్టాలి. ఇక ప్లాస్టిక్ సంచులు: కెన్యా 2017 ఆగస్టు 28 నుంచి వాటిని నిషేధించింది, శిక్షలు కఠినంగా ఉన్నాయి. దుకాణంలో ఇచ్చిన క్యారీబ్యాగుల్లో మిఠాయిలు చుట్టి తీసుకెళ్ళే అలవాటు మానుకుని గుడ్డ సంచులు, డబ్బాలు వాడండి.

బహుమతులకు మన ప్రాంతంలో వెతుక్కోనక్కరలేదు. మంగళగిరి నూలు దుప్పట్టాలు, పెడన కలంకారీ గుడ్డ, కొండపల్లి బొమ్మలు బరువు తక్కువ, పగిలిపోవు, ఎక్కడివో చెప్పడానికి ఒక కథ ఉంటుంది. చీర కంటే దుప్పట్టా మేలు, ఏ దేశపు స్త్రీ అయినా భుజాన వేసుకోగలదు. తినేవాటిలో బందరు లడ్డు ప్రయాణానికి ఆగుతుంది. పూతరేకులు పొడై చేరుతాయి. దేవతామూర్తులను అన్ని ఇళ్ళకూ ఇవ్వకండి, ముస్లిం, ప్రొటెస్టెంట్ క్రైస్తవ మిత్రులకు ఎక్కడ పెట్టాలో తెలియక ఇరుకున పడతారు. దశావతారాల కంటే ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే కల్లుగీత కార్మికుని బొమ్మ మంచివి. కెన్యాలో మిత్రుని తల్లిదండ్రుల ఊరికి వెళ్ళేటట్లయితే పంచదార, టీ పొడి, గోధుమపిండి వంటి వాడుకునే సరుకులు తీసుకెళ్ళడమే అక్కడి మర్యాద. వచ్చేటప్పుడు వారు మీ సంచిని ఖాళీగా పంపరు. అరటిగెల ఇస్తే విమానంలో ఎలా అని తలపట్టుకోకుండా, తీసుకుని నైరోబీలోని మిత్రుడి ఇంట్లో అందరితో కలిసి తినండి.

మాటల విషయంలో రెండు జాగ్రత్తలు. మన ఊళ్ళో మొదటి పరిచయంలోనే జీతమెంత, పిల్లలెందరు, మీరేమిట్లు (అంటే ఏ కులం) అని అడుగుతాం. ఇథియోపియాలో మీరే జాతి వారు అన్న ప్రశ్న అడగవద్దు. 2020 నుంచి 2022 వరకు టిగ్రాయ్‌లో జరిగిన యుద్ధం తరువాత ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం చాలామందికి బాధాకరం. శ్రీలంకలో 2009లో ముగిసిన అంతర్యుద్ధం గురించి కూడా వారు ఎత్తితే వినండి, మీరు ఎత్తవద్దు. రెండవది ఇంకా ముఖ్యం. మనవాళ్ళకు ఎదుటివారి ముందు తెలుగులో వ్యాఖ్యానించుకునే అలవాటుంది, అందులోనూ ఒంటి రంగు గురించి. ఆఫ్రికా దేశాల విద్యార్థులు మన గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నారు, వారిలో కొందరికి తెలుగు బాగానే అర్థమవుతుంది. అలా చదివి వెళ్ళినవాడొకడు మీ మిత్రుని ఇంట్లోనే ఎదురుకావచ్చు. ఎదురుకాకపోయినా, భాష తెలియనివారికి కూడా చూపు, నవ్వు అర్థమవుతాయి.

మారిషస్‌లో మీరు ఒక్క మిత్రుని కోసం వెళ్ళినా ఒక సమాజమే ఎదురుపడుతుంది. 1830లలో ఒప్పంద కూలీలుగా ఓడలెక్కిన మన కోస్తా వారి సంతతి అక్కడ ఉంది. కోరంగి రేవు పేరే వారికి పేరుగా స్థిరపడింది. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. వారు ఇళ్ళలో అక్కడి క్రియోల్ భాష మాట్లాడతారు, కానీ దీపం చుట్టూ తిరుగుతూ రామభజన చేస్తారు, సింహాద్రి అప్పన్నను కొలుస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు. మీ మిత్రుడు పిలిస్తే ఆ భజనకు తప్పక వెళ్ళండి. అయితే వెళ్ళి వారి ఉచ్చారణను దిద్దడం, ఆచారం ఇది కాదని చెప్పడం వద్దు. దాదాపు రెండు శతాబ్దాలుగా వారు కాపాడుకున్నది వారిది. పోర్ట్ లూయీలో ఆ కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో వారసత్వ స్థలంగా గుర్తించింది. స్థలాలు చూడటం గురించి తక్కువ రాస్తున్నాను కానీ, దీనిని మిత్రునితో కలిసి చూడండి, ఎందుకంటే అది అతని కుటుంబ చరిత్ర. నైరోబీలో కూడా సఫారీ అంటూ మిత్రుని నాలుగు రోజులు ఉద్యోగం మానిపించవద్దు. నగరాన్ని ఆనుకునే నైరోబీ జాతీయ వనం ఉంది, ఉదయం వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేయవచ్చు. మసాయి మారా అభయారణ్యం చూడాలనిపిస్తే మీరిద్దరే వేరుగా వెళ్ళండి.

ఆరోగ్యం, పత్రాల సంగతి ఇక్కడ రాస్తున్నాను కానీ మీరు మొదట చేయవలసిన పని ఇదే. ఎల్లో ఫీవర్ టీకా. కెన్యా, ఇథియోపియాల నుంచి తిరిగి వచ్చేవారిని ఆ ధ్రువపత్రం అడిగేది మన దేశమే. లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. మారిషస్ కూడా ఆ దేశాల నుంచి వచ్చేవారిని అడుగుతుంది. టీకా వేసుకున్న పది రోజుల తరువాతే పత్రం చెల్లుతుంది. 2016 నుంచి అది జీవితకాలం చెల్లుతోంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేయాలి. మనకు అందుబాటులో హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది. అరవై దాటినవారిలో ఈ టీకాకు తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చే అవకాశం కొంత ఎక్కువ కనుక, గుడ్డు పడనివారికి కూడా ఇది సరిపడకపోవచ్చు కనుక, వైద్యునితో మాట్లాడకుండా వరుసలో నిలబడవద్దు. మీకు అరవై నిండకముందే వేయించుకోగలిగితే మంచిది. నైరోబీ, అడ్డిస్ నగరాలు ఎత్తు మీద ఉన్నాయి, అక్కడ దోమల బెడద తక్కువ. మీ మిత్రులు తీరానికో, సరస్సు ప్రాంతాలకో తీసుకెళ్తామంటే మలేరియా మాత్రల గురించి కూడా అదే వైద్యుని అడగండి.

అడ్డిస్ అబాబా సుమారు 2,300 మీటర్ల ఎత్తున ఉంది. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని నూలు బట్టలతో దిగే విజయవాడ వారు మొదటి రాత్రే వణుకుతారు. జూలైలో నైరోబీలో కూడా స్వెట్టరు కావాలి. రక్తపోటు ఉన్నవారు మొదటి రోజు ఏ విందూ ఒప్పుకోకుండా విశ్రాంతి తీసుకోవాలి, మెట్లు నెమ్మదిగా ఎక్కాలి.

వీసాల గురించి ఎక్కువ రాయను, నియమాలు తరచు మారుతున్నాయి. కెన్యా 2024 జనవరి నుంచి వీసాకు బదులు ఆన్‌లైన్ అనుమతి విధానం పెట్టింది. మిగిలినవి ఆయా దేశాల ప్రభుత్వ వెబ్‌సైట్లలోనే చూసుకోండి. అడ్రసు కొంచెం మార్చి ఎక్కువ రుసుము గుంజే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. డాలరు నోట్లు కొత్తవి, మడతలు లేనివి తీసుకెళ్ళండి, తూర్పు ఆఫ్రికాలో పాత ముద్రణ నోట్లను మార్చరు. కెన్యాలో 2007లో మొదలైన ఎం-పెసాతో కూరగాయలవారికి కూడా ఫోనులోనే చెల్లిస్తారు. మీకు ఆ సౌకర్యం లేనందువల్ల ప్రతిచోటా మిత్రుడే చెల్లిస్తూ పోతాడు. రోజు చివర లెక్క చూసి ఇస్తామంటే తీసుకోడు. అందుకే మొదటి రోజునే కారు పెట్రోలు, బయటి భోజనాలు మావి అని ఒక మాట అనుకుని, నగదు అతని చేతికి ముందే ఇచ్చివేయడం మేలు.

మీరు అడగనిది ఒకటి ఉంది, కానీ అది లేకుండా ఈ విషయం పూర్తి కాదు: వారు మన ఇంటికి రావడం. వెళ్ళిన ప్రతి ఇంట్లో రమ్మని చెప్పి వస్తాం. నోటిమాటగా కాక నెల కూడా చెప్పండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మన వాతావరణం వారు భరించగలరు. మే నెలలో ఎవరినీ పిలవవద్దు. సంక్రాంతికి పిలిస్తే ముగ్గులు, గొబ్బెమ్మలు, పిండివంటలు చూస్తారు, కానీ రైళ్ళు, బస్సులు కిక్కిరిసి ఉంటాయి కనుక హైదరాబాద్ నుంచి విజయవాడకు వారి ప్రయాణపు ఏర్పాటు మీరే ముందుగా చేయాలి. విదేశీయులకు ఇంట్లో బస ఇచ్చినవారు ఇరవై నాలుగు గంటల్లో ఆ సమాచారాన్ని ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో తెలపాలి. సి ఫారంగా పేరుపడిన ఈ నియమం హోటళ్ళకే కాదు, ఇళ్ళకూ వర్తిస్తుంది. ఇది చాలామందికి తెలియదు.

వచ్చినవారిని ఏ గుడికి, ఏ మాల్‌కు తీసుకెళ్ళాలా అని తడుముకోకండి. శ్రీలంక మిత్రులకు అమరావతి, నాగార్జునకొండ సొంత చరిత్రలో భాగాలు. నాగార్జునకొండలో సింహళ భిక్షువుల కోసం కట్టిన విహారం ఉండేది. కెన్యా, ఇథియోపియా మిత్రులు గుంటూరు మిర్చి యార్డును గంటల తరబడి చూస్తారు, అయితే ఘాటుకు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. కొండపల్లిలో బొమ్మలు చెక్కేవారి ఇళ్ళు పిల్లలకు నచ్చుతాయి. అమరావతి మ్యూజియానికి శుక్రవారం సెలవు కనుక ఆ రోజున ఉండవల్లి గుహలు పెట్టుకుని, సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీదుగా ఇంటికి చేరవచ్చు.